మెచ్చుకున్నారా, వెటకరించారా? సీమ మాటల్లో తేడా పట్టుకోవడం, మనం కూడా తగుమాత్రం వాడటం

మీరడిగింది క్లుప్తంగా ఇది. షోలాపూర్‌లో పుట్టి పెరిగారు, తెలుగు ఇంట్లో మాట్లాడిన తెలుగే. ఆర్నెల్ల కిందట అనంతపురంలో ఉద్యోగం, ఆ వెంటనే ప్రొద్దుటూరు అమ్మాయితో పెళ్ళి. నెలాఖరు లెక్కల్లో మొత్తం తప్పు పడితే సీనియర్ "బలే లెక్కేసినావప్పా, రిజర్వు బ్యాంకోళ్ళు వచ్చి నీ దగ్గర నేర్చుకోవాల" అన్నాడు. మీరు థాంక్స్ చెప్పారు, గదంతా నవ్వింది. తర్వాత మీరే ఒక వెటకారం ప్రయత్నించి, యాభై అయిదేళ్ళ అటెండరుతో "ఏం సార్, పని మరీ ఎక్కువైపోయిందా?" అన్నారు. ఆయన మీతో మాట మానేశాడు. అత్తగారింట్లో "అల్లుడు మా సంకటి తింటాడా ఏంది" అన్న మాట మామూలుగా అన్నారో, పొడిచారో ఇప్పటికీ తేలలేదు. అర్థం చేసుకోవడం ఎలా, వాడటం ఎలా అన్నది ప్రశ్న.

మీ తెలుగులో లోపం లేదు. వెటకారం పదాల్లో ఉండదు కాబట్టి ఎంత పదసంపద ఉన్నా అది చేతికి చిక్కదు. మాటకూ, ఇద్దరికీ తెలిసిన నిజానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంటుంది. మీకు ఆ రోజు మొత్తం తప్పిందని తెలియదు. తెలియని మనిషికి ఆ వాక్యం మెప్పుగానే వినిపిస్తుంది, వినిపించాలి కూడా. కాబట్టి మాటను కాకుండా దాని వెనకున్న విషయాన్ని చూసే అలవాటు చేసుకోవాలి. పట్టుకోవడానికీ, జవాబివ్వడానికీ, వాడటానికీ మూలం అదే.

ముందు పేర్లు విడదీసుకుందాం. తెలుగులో వీటికి వేరువేరు మాటలున్నాయి, ఆ తేడాలు పనికొచ్చేవి. మీ బామ్మర్ది మీ బండి తీసుకెళ్ళి పెట్రోలు లేకుండా తెచ్చి ఇచ్చాడనుకోండి. "ట్యాంకు నింపి తెచ్చినావే, కారిపోతాంది సూడు" అంటే వెటకారం. చేసిన పనిని తలకిందులు చేసి చెప్పడం. "పోయిన సంక్రాంతికి కూడా ఇట్లే తెచ్చిస్తివి" అంటే దెప్పడం. పాత తప్పును తవ్వి తీయడం, ఇందులో తలకిందులు ఏమీ లేదు. "సొంత బండి కొనింటే కదా పెట్రోలు విలువ తెలిసేది" అంటే ఎత్తిపొడుపు. మనిషికి ఉన్న కొరత మీద గుచ్చడం. ఆ మాటలోనే పొడుపు ఉంది. అతని నడకనో, నత్తినో అనుకరించి చూపిస్తే ఎగతాళి. "బావను నడిపిస్తే పొట్ట తగ్గుతాదని ఆలోచన చేసినావా?" అని ఇద్దరూ నవ్వుకునేలా అంటే పరాచికం. ఒకే సంఘటన, అయిదు మాటలు, అయిదు ఫలితాలు. వెటకారం పని మీద పడుతుంది, ఎగతాళి మనిషి మీద పడుతుంది. ఈ గీత దాటామా లేదా అన్నది మాట పెదవి దాటకముందే చూసుకోవాలి. నవ్వించాలని బయల్దేరినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వెటకారం చేశామనుకుంటారు, వినేవాడికి అది ఎత్తిపొడుపుగా తగులుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళు, ఎప్పుడో చెప్పారు. మాటకున్న నేరు అర్థం అభిధ. అది పొసగనప్పుడు పట్టుకునే అర్థం లక్షణ. వీటికి అవతల స్ఫురించేది వ్యంజన. నేరు అర్థానికి పూర్తిగా ఎదురు అర్థం తీసుకోవాల్సి వస్తే దాన్ని విపరీత లక్షణ అన్నారు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు దీనికి ఇచ్చిన ఉదాహరణ, అపకారం చేసినవాడితో "ఎంత ఉపకారం చేశావు, నీ మంచితనం ఏమని చెప్పను, ఇట్లాగే చేస్తూ నూరేళ్ళు బతుకు" అన్న అర్థం వచ్చే శ్లోకం. మీ సీనియర్ మాట ఆ వరసలోదే. గొంతు విరుపుతో అర్థం మారడానికి కూడా వాళ్ళు పేరు పెట్టారు, కాకువు అని.

పశ్చిమంలో గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో దాదాపు ఇదే దారి పట్టాడు. మనిషి కళ్ళెదుట అబద్ధం అంటున్నాడంటే, ఇంకేదో చెప్పదలచుకున్నాడని వినేవాడు లెక్కగడతాడు. 1981లో స్పెర్బర్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మెలిక చేర్చారు. వ్యంగ్యం అన్నది ఎదురు అర్థం ఒక్కటే కాదు, ఎవరో అన్న మాటనో, ఎవరో పెట్టుకున్న ఆశనో తిరిగి పలికి, దాన్ని తోసిపుచ్చడం అని. తెలుగువాళ్ళకు ఇది చాలా సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే మనకు దానికోసమే అన్నట్టు ఒక చిన్న ముక్క ఉంది: "అంట". గంటసేపటి నుంచి రాని మనిషి గురించి "అయిదు నిమిషాల్లో వస్తాడంట" అంటారు చూడండి. నిజంగా సమాచారం చెప్పేవాడైతే "వస్తానన్నాడు, ఇంకా రాలేదు" అంటాడు. వెటకారంగా అనేవాడు అతని మాటను అతని కాలంలోనే, భవిష్యత్తులోనే ఉంచి మళ్ళీ పలుకుతాడు. జరగాల్సిన గడువు దాటిపోయినా క్రియ ఇంకా "వస్తాడు", "చేస్తాడు", "ఇస్తాడు" అనే ఉండి, చివర "అంట" తగిలిందంటే నూటికి తొంభైపాళ్ళు వెటకారమే అనుకోండి.

ఇంకొన్ని గుర్తులు. అనంతపురం, కర్నూలు, కడపల్లో మనిషి మీద చనువుంటే "నువ్వు" అంటారు, పక్కన "అన్నా" అనో "అప్పా" అనో చేరుస్తారు. "యాడికి పోతాండావన్నా?" అన్నదాంట్లో అగౌరవం లేదు. పెద్దల గురించి "వచ్చినాడు", "చెప్పినాడు" అనడం కూడా మామూలే. అందుకే ఇక్కడ మర్యాద తగ్గడం కన్నా ఉన్నట్టుండి పెరగడమే గమనించాల్సింది. రోజూ "నువ్వు" అనేవాడు ఒక రోజు "తమరు ఎప్పుడు దయచేసినారు?" అన్నాడంటే మీ మీద ఏదో ఉంది. "సార్", "దొర", "కలెక్టరు", "నవాబు" వంటి పదవులు ఉత్తపుణ్యానికి దక్కితే కూడా అంతే. ఆలస్యంగా లేచినవాణ్ణి "నవాబుగారు లేచినాడా?" అని అడగడం కర్నూలు ఇళ్ళల్లో సహజంగా వినిపించే మాట. ఆ ఊరిని 1839 దాకా నవాబులే ఏలారు కాబట్టి అక్కడ అది మరీ అతికినట్టుంటుంది.

తర్వాత "అప్పుడే". పదింటికి రావాల్సినవాడు పదకొండుకు వస్తే "అప్పుడే వచ్చేసినావా?" అంటారు. తొందరను చెప్పే మాటను ఆలస్యానికి వాడటం. "పదకొండుకే వచ్చినాడే!" అన్నదాంట్లో రెండు ఏకారాలున్నాయి. "కే" లో ఒకటి, "డే" లో ఒకటి. నొక్కి చెప్పే ఏకారం చిన్న విషయానికి రెండుసార్లు పడితే అనుమానించండి. "ఎందుకు రాడు, వస్తాడు" అని ప్రశ్న వేసి తానే జవాబు చెప్పుకోవడం, "నువ్వు చెప్పినావు కదా, ఇంగ అయిపోయినట్లే" అని "కదా" మీద బరువు వేయడం, "పాపం, శానా కష్టపడినాడు" అని జాలి మాటతో మొదలుపెట్టడం, ఇవన్నీ ఈ కోవలోవే.

అన్నిటికన్నా తికమక పెట్టేది "లే". "చేస్తావులే" అన్న మాట మెత్తగా, చివర కాస్త పైకి లేస్తే ధైర్యం చెప్పడం. కటువుగా, "లే" దగ్గర తెగ్గొట్టినట్టు పడితే నమ్మకం లేదని చెప్పడం. అక్షరాల్లో తేడా ఏమీ లేదు. "నీకేమప్పా" కూడా అంతే, మనసారా మెచ్చుకోవడానికీ వాడతారు, ఉడికించడానికీ వాడతారు.

గొంతు సంగతి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మీద చేసిన పరిశీలనల్లో వెటకారం పలికేటప్పుడు మాట నెమ్మదించి, గొంతు కిందికి దిగి, కాస్త బరువెక్కుతుందని తేలింది. మన దగ్గర దీనికి తోడు అచ్చు సాగుతుంది: "బా...గుండాది", "శా...నా చేసినావు". ముఖం కదలకుండా చెప్పేవాళ్ళూ ఉన్నారు, కళ్ళు పక్కవాడి వైపు తిప్పేవాళ్ళూ ఉన్నారు. మాట మీతో అంటూ చూపు ఇంకొకరి మీద పెట్టడం గట్టి గుర్తు. అవతలివాణ్ణి సాక్షిగా పిలుస్తున్నాడన్నమాట.

ఇన్ని చెప్పాను కదా అని ప్రతి మాటనూ వడగట్టకండి. ఒక గుర్తే కనిపిస్తే మాటను నేరుగానే తీసుకోండి. రెండు కలిస్తే ఆగి ఆలోచించండి. విషయమే మాటకు ఎదురుగా ఉంటే, అంటే పని చెడిందని మీకు తెలిసి ఉంటే, మరో గుర్తు అక్కర్లేదు. మీ సీనియర్ వాక్యంలో "బలే" ఉంది, రిజర్వు బ్యాంకును తెచ్చిన అతిశయోక్తి ఉంది, గదిలో అందరూ తలెత్తి చూసి ఉంటారు. నెలాఖరు పట్టీకి ఎవరూ అంత మెప్పు ఇవ్వరు. పనికి తగ్గ మెప్పు నిజం, పనికి పదింతల మెప్పు అనుమానం.

ఎదురు అర్థం ఉన్నంత మాత్రాన వెటకారం కాని మాటలు కూడా తెలుగులో చాలా ఉన్నాయి. కొత్తవాళ్ళు బోల్తాపడే చోటు ఇది, అందుకే కాస్త ఆగి చెప్తాను. "బియ్యం నిండుకున్నాయి" అంటే డబ్బా నిండిందని కాదు, అయిపోయాయని. లేవు అనడం అశుభమని అలా అంటారు. "దీపం కొండెక్కింది" అంటే ఆరిపోయింది. తాళి తెగితే "పెరిగింది" అంటారు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "పోతా" అనకుండా "పోయొస్తా" అంటారు. ఇవన్నీ శుభం కోరి తిప్పి చెప్పిన మాటలు. మీ అత్తగారు "బియ్యం నిండుకున్నాయి నాయనా" అంటే నవ్వకండి, సంచి తీసుకుని బయల్దేరండి. అలాగే వాకిట్లో అడుగు పెట్టగానే "ఏం, ఇప్పుడొస్తాండావా?" అన్నది ఆలస్యం మీద ఆరా కాదు, పలకరింపు. "తిన్యావా?" కూడా అంతే. సీమ గొంతు సహజంగానే కాస్త గట్టిది, వాక్యం పొట్టిది. గోదావరి జిల్లాల వెటకారం మర్యాదను సాగదీసి, తీరిగ్గా నడుస్తుంది. ఇక్కడిది రెండు ముక్కల్లో తగిలి వెళ్ళిపోతుంది. గట్టి గొంతును కోపం అనుకోవడం, పొట్టి మాటను విసురు అనుకోవడం రెండూ పొరపాటే.

ఇప్పుడు తగిలాక ఏం చేయాలి. మాటకు జవాబివ్వకండి, మాట వెనకున్న విషయానికి ఇవ్వండి. ఇందులో మొదటి పని ఆగడం. రెండు మూడు క్షణాలు చాలు, ఒక ఊపిరి తీసుకునేంత. ఆ వ్యవధిలో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈయన ఇదే విషయాన్ని నేరుగా చెప్పి ఉంటే వాక్యం ఎలా ఉండేది? "బలే లెక్కేసినావప్పా" నేరు రూపం "లెక్క తప్పింది". దానికి జవాబు "యాడ తప్పిందన్నా? చూపించు, సాయంత్రం నాలుగింటికల్లా సరిచేసి ఇస్తా." అంతే. ముఖం చిన్నబుచ్చుకోకుండా ఈ మాట అంటే గదిలో నవ్వు మీ మీద ఆగదు, పని మీదికి మళ్ళుతుంది. పొరపాటు ఒప్పుకుని, స్థలం అడిగి, గడువు చెప్పారు. వెటకారం చేసినవాడికి కొనసాగించడానికి ఇంకేమీ మిగలదు.

నిజంగా తెలియకపోతే? "ఇది వెటకారమా?" అని అడగకండి. ఆ ప్రశ్న అవతలివాణ్ణి బోనులో నిలబెడుతుంది, నలుగురిలో ఉంటే ఆయన కాదనే అంటాడు. పని గురించి అడగండి: "అన్నా, సరిపోయిందా, ఏమన్నా మార్చాలా?" వెటకారమైతే తప్పు బయటికి వస్తుంది, మెప్పైతే మెప్పు నిలుస్తుంది. రెండు రకాలుగానూ మీకు నష్టం లేని ప్రశ్న అది. థాంక్స్ చెప్పేసిన తర్వాత తెలిస్తే కూడా కొంపలు మునగవు. మర్నాడు "నిన్న నాకు తెలీలేదన్నా, లెక్క తప్పింది, సరిచేసినా" అని ఒక మాట చాలు.

వెటకారానికి వెటకారం బదులిస్తే బాగుంటుందని చాలామంది సలహా ఇస్తారు. సమానులైన స్నేహితుల మధ్య తప్ప నేను దీన్ని ఒప్పుకోను. బదులిచ్చేవాడు ఒక మెట్టు పైకి పోతాడు, అవతలివాడు ఇంకో మెట్టు ఎక్కుతాడు, మూడో మాటకు పని మరుగున పడి మనిషి మీదికి వస్తుంది. మూడు మాటల లోపల వెటకారం ఎగతాళి అయిపోతుంది.

ఒకే మనిషి వారం వారం, నలుగురిలో, మిమ్మల్నే ఎంచుకుని అంటుంటే అది వేరే సంగతి. దాన్ని భరించాల్సిన పనిలేదు. కలిసినప్పుడల్లా చిరాకు ముఖం పెట్టడం కన్నా ఒకసారి ఒంటరిగా కూర్చుని చెప్పడం మేలు. ఏ మాట, ఏ రోజు, ఎవరి ముందు అన్నది గుర్తుపెట్టుకుని ఒక్కటే ఎత్తండి. "నువ్వెప్పుడూ ఇట్లే అంటావు" అంటే ఆయన "ఎప్పుడన్నానప్పా?" అంటాడు, మాట అక్కడే ఆగిపోతుంది. "మంగళవారం మీటింగులో లెక్క గురించి అన్న మాట నాకు బాధ కలిగించిందన్నా. తప్పుంటే నాకు పక్కన చెప్పు, సరిచేసుకుంటా" అనండి. బాధ చెప్పడమొకటి, దారి చూపడమొకటి, రెండూ ఉండాలి.

మీ అత్తగారింటి మాట చూద్దాం. "అల్లుడు మా సంకటి తింటాడా ఏంది." ఇది పదునైన వెటకారం కాదు, చిన్న నిష్ఠూరం. నిష్ఠూరంలో ఎప్పుడూ ఒక కోరిక దాగి ఉంటుంది. మీరు వారింట్లో అన్నం మాత్రమే తిని, రాగిసంకటి పక్కకు నెట్టి ఉంటారు, లేదా పిలిచిన రోజు రాలేకపోయి ఉంటారు. దీనికి మాటతో జవాబు లేదు. పీట వాల్చుకుని "ఒక ముద్ద ఎక్కువే పెట్టండత్తా, ఊరిబిండి కూడా ఎయ్యండి" అనండి. సంకటి నమలరు, వేళ్ళతో కొంచెం తుంచి, ఊరిబిండి పచ్చడో పులుసో అద్దుకుని మింగుతారు, ఇది తెలియకనే చాలామంది మొదటిరోజు ఇబ్బంది పడతారు. నచ్చకపోతే సగం ముద్దకే ఆపండి, కానీ కూర్చోండి. తమ ఇంటిని తక్కువ చేశారేమో అన్న అనుమానం కూర్చోవడంతోనే పోతుంది.

ఇక వాడటం. మొదటి మెట్టుగా మనుషుల మీద వద్దు. వాన, కరెంటు, బస్సు, రోడ్డు వంటివాటి మీద మొదలుపెట్టండి. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నాలుగు చినుకులు రాలి ఆగిపోతే "ఇంగ పెన్న పారినట్లే" అంటే పక్కనున్నవాళ్ళంతా మీ వైపే ఉంటారు. ఎవరినీ తాకదు, గొంతు ఎలా ఉండాలో మీకు చేతికొస్తుంది. ఒక్క జాగ్రత్త. చెనక్కాయ (వేరుశనగ) వేసి పంట ఎండిపోయిన రైతు అక్కడ ఉంటే ఆ మాట కూడా అనొద్దు. ఆయనకు అది వాతావరణం కాదు, పెట్టుబడి.

మనుషుల దగ్గరికి వస్తే వరస చూడాలి. మనకు సరసమాడే వరసలు, ఆడకూడని వరసలు వేరువేరుగా ఉన్నాయి. బావ, బామ్మర్ది, మరదలు, వదిన, మేనమామ, ఇక్కడ పరాచికానికి చోటుంది. పెళ్ళిళ్ళల్లో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాటలు పాడటం కూడా ఈ చనువులోంచి వచ్చిందే. తండ్రి, అన్న, పెద్దనాన్న, అత్తమామల దగ్గర చోటు లేదు. ఇందులో ఒక చిక్కుంది: "మామా" అన్న ఒక్క పిలుపే మేనమామకూ, పిల్లనిచ్చిన మామకూ వాడతాం. మొదటాయనతో ఆడొచ్చు, రెండో ఆయనతో కాదు. సీమలో ఈ ఇద్దరూ ఒకరే అయ్యే ఇళ్ళు కూడా ఉంటాయి. అక్కడ పెళ్ళయ్యాక కాస్త తగ్గించుకుంటారు. కొత్త అల్లుడిగా మీ వంతు మొదటి ఏడాది పరాచికాన్ని అందుకోవడమే. బామ్మర్ది ముందు మొదలుపెట్టాక మీరు బదులివ్వొచ్చు.

ఆఫీసులో వరసకు బదులు రెండు కొలతలు: వయసు, హోదా. మీకన్నా పెద్ద హోదాలో ఉన్నవాళ్ళ మీద వెటకారం మీ ఉద్యోగానికి మంచిది కాదు. తక్కువ హోదాలో ఉన్నవాళ్ళ మీద వెటకారం న్యాయం కాదు, ఎందుకంటే వాళ్ళు తిరిగి అనలేరు. బదులివ్వలేని మనిషి మీద వేసిన జోకుకు వచ్చే నవ్వు భయంతో వచ్చిందే. వయసులో పెద్దవాళ్ళ మీద ఎట్లాగూ వద్దు. మీ అటెండరు విషయంలో ఇవి రెండూ కలిశాయి. ఆయన హోదాలో కింద, వయసులో మీ నాన్నగారంత. పైగా మీరు వాడిన "సార్" వెటకారపు సార్. ఆ గదిలో ఆయన అందరినీ రోజంతా నిజంగా అనే మాట అది. ఆయనకు అది ఎంత లోతుగా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఇక మిగిలింది మీ ఈడు, మీ హోదా ఉన్న సహోద్యోగులు. వాళ్ళలోనూ మీతో కనీసం నెలరోజులు కలిసి టీ తాగినవాళ్ళు.

ఏ విషయం మీద? చిన్నది, సరిచేసుకోగలిగింది, ఆ రోజే జరిగింది, ఇద్దరికీ తెలిసింది. నాలుగూ ఉండాలి. టీకి డబ్బులివ్వడం మరిచిపోవడం, హెల్మెట్ ఎక్కడో పెట్టి వెతుక్కోవడం, ఇలాంటివి. ఒళ్ళు, రంగు, కులం, మతం, జీతం, పిల్లలు లేకపోవడం, పరీక్ష తప్పడం, పంట పోవడం, పుట్టింటివాళ్ళ స్థోమత, వీటి జోలికి ఏ వరసలోనూ పోవద్దు. మరదలి వరసైనా సరే రంగు మాట రంగు మాటే. "సరదాకే అన్నా" అన్న మాట తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అది చెరిగిపోదు.

కొలత ఒక వాక్యం. వెంటనే ఒక పని మాట. "హెల్మెట్‌కు రెక్కలొచ్చినట్లుండాయప్పా... బీరువా మీద ఉంది చూడు." మొదటి వాక్యం నవ్వు, రెండోది సాయం. రెండోది లేకపోతే మొదటిది చేదుగా మిగులుతుంది. అవతలివాడు నవ్వకపోతే వివరించకండి, మళ్ళీ చెప్పకండి, పక్కవాడికి చెప్పి నవ్వించే ప్రయత్నం అసలే వద్దు. విషయం మార్చేయండి. రోజుకు ఒకటి చాలు. ఏ మాటనైనా వెటకారంగానే చెప్పేవాడి నోటి నుంచి నిజమైన మెప్పు వచ్చినా ఎవరూ నమ్మరు. "బాగా చేసినావు" అన్న మాటకు విలువ మిగలాలంటే దాన్ని ఎక్కువసార్లు నిజంగానే వాడాలి.

అనే ముందు ఒక పరీక్ష ఉంది, నేను అందరికీ చెప్పేది. అదే సంగతిని నేరుగా, వాళ్ళ ముఖాన చెప్పగలనా? చెప్పగలిగితే వెటకారంగా కూడా అనొచ్చు. చెప్పలేని సంగతిని వెటకారంలో చుట్టి విసరడం మన ఇళ్ళల్లో బాగా అలవాటు. కూతుర్ని తిట్టి కోడలికి చెప్పడం, గిన్నెలు దబదబా పెట్టి గోడతో మాట్లాడటం. ఆ మాట విన్నవాళ్ళు దాన్ని ఏళ్ళతరబడి మోస్తారు. అన్నవాళ్ళు మాత్రం "నేనేమన్నాను?" అంటారు. ఈ అలవాటును మీరు మీ కొత్త సంసారంలోకి రానివ్వకపోతే చాలా బాగుంటుంది.

వాట్సాప్‌లో మాత్రం దూరంగా ఉండండి. 2005లో అమెరికాలో క్రూగర్, ఎప్లీ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఈమెయిల్లో తమ వెటకారం అవతలివాళ్ళకు అందుతుందని రాసినవాళ్ళు దాదాపు 78 శాతం అనుకుంటే, నిజంగా పట్టుకున్నవాళ్ళు 56 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తుంది. గొంతుతో చెప్పినప్పుడు అది 73 దాకా ఉంది. రాసేవాడికి తన గొంతు తనకు వినిపిస్తూ ఉంటుంది కాబట్టి అవతలివాడికీ వినిపిస్తుందనుకుంటాడు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే "లే" లేచిందో, తెగిందో ఇంకా తెలియదు. పైగా మూడు తరాలున్న కుటుంబం గ్రూపులో అమ్మమ్మకు ఒక అర్థం, మేనకోడలికి ఒక అర్థం. నవ్వు బొమ్మ పెట్టినా అది కొందరికి పరాచికం, కొందరికి ఇంకా పొడుపు. తప్పదనుకుంటే గొంతు రికార్డు చేసి పంపండి. ఆఫీసు గ్రూపులో, ఉత్తరాల్లో ఎంత చనువున్నా వద్దు, రాసిన మాట చూపించడానికి మిగులుతుంది, అన్న సందర్భం మిగలదు.

చిన్నపిల్లల మాట కూడా చెప్పాలి. వెటకారం పట్టుకోవడం పిల్లలకు అయిదారేళ్ళ నుంచి మెల్లగా మొదలవుతుంది, ఎనిమిది పదేళ్ళ దాకా గట్టిపడదు. పాలు ఒలకబోసిన నాలుగేళ్ళ పాపతో "బలే పని చేసినావు" అంటే అది మెప్పనుకుంటుంది, లేదా మీ ముఖం చూసి బెదిరిపోతుంది. మాట ఒకటి, ముఖం ఒకటి చెప్పడం ఆ వయసుకు అందదు. ఆటిజం ఉన్న చాలామందికీ, మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్ళకూ, కొన్నిరకాల మతిమరుపు జబ్బుల్లోనూ వెటకారం పట్టుకోవడం కష్టమవుతుంది. ఇంట్లో పెద్దాయన ఇదివరకు నవ్వే మాటలను ఉన్నట్టుండి నేరుగా తీసుకుంటుంటే, నడవడిలో ఇంకా మార్పులు కనబడుతుంటే డాక్టరుకు చూపించండి.

ఇక మీ అటెండరు. రేపే చేయండి, ఎల్లుండికి వాయిదా వేయకండి. పొద్దున ఇంకా అందరూ రాకముందు, ఆయన నీళ్ళ క్యాను మార్చే వేళకో, తాళాలు తీసే వేళకో వెళ్ళండి. మీ బల్ల దగ్గరికి పిలవకండి, ఆయన ఉన్న చోటికే పొండి. "పెద్దాయనా, మొన్న నేను అనకూడని మాట అంటిని. తప్పయింది" అనండి. "సరదాకే అన్నాను", "మా వైపు ఇట్లాగే అంటారు" వంటి మాటలు చేర్చకండి, అవి క్షమాపణను వెనక్కి లాగేస్తాయి. ఆయన "ఏముందిలే సార్" అనొచ్చు. అందులోని "లే" ఎలా పడిందో వినండి. మెత్తగా పడితే అక్కడితో అయిపోయింది. కటువుగా పడితే ఇంకేమీ అనకుండా వచ్చేయండి, నాలుగు రోజులు మామూలుగా పలకరిస్తూ ఉండండి. మీరు మాట అన్నప్పుడు గదిలో ఇంకెవరైనా ఉండి ఉంటే, ఆ ఇద్దరి ముగ్గురి ముందు ఒకసారి ఆయనతో గౌరవంగా, పని గురించి మాట్లాడండి. మాట పోయింది నలుగురిలో కాబట్టి మర్యాద కూడా ఆ నలుగురిలోనే తిరిగి రావాలి.